డాబా మీద ఫ్యాను

అమీర్‌పేటలో మా సందు మొదట్లో నిలబడి తలెత్తితే బోర్డులే బోర్డులు. జావా, పైథాన్, క్లౌడ్, టెస్టింగ్, ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ మాట్లాడటం ఎలా. ఏళ్ళ తరబడి ఆ బోర్డుల మీద పేర్లు మారుతూనే ఉన్నాయి. మెకానికల్ ఇంజనీరు ఉద్యోగం ఎలా చెయ్యాలో నేర్పిస్తామని మాత్రం ఒక్క బోర్డూ నాకు కనబడలేదు. మెకానికల్ చదివిన పిల్లలు మాత్రం ఆ బోర్డుల కిందే బ్యాగులు తగిలించుకుని కనిపిస్తారు.

నేను ఆ చదువే చదివాను. పంజాగుట్టలో ఒక పెద్ద హోటల్లో ఇంజనీరుగా చేరి, అక్కడే రిటైరయ్యాను. మొన్న ఎండాకాలంలో అనూష అనే అమ్మాయి నన్ను ఒక ప్రశ్న అడిగింది. ఆమె కూడా మెకానికల్ ఇంజనీరే, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. "నా ప్లేసుల మీరుంటే మిషిన్ ఆపుతరా సార్?" అంది. ఆపితే ఆమె ఉద్యోగం పోవచ్చు. ఆపకపోతే ఆ మిషన్ నీడలో కూర్చుని అన్నం తినే ఆడవాళ్ళకు ఏమైనా కావచ్చు.

ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ పనిలోకి వచ్చే పిల్లలందరికీ ఏదో ఒక రోజు అది ఎదురవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను, వాటివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

చదువు సంగతి

యూనివర్సిటీలో మాకు చాలా చెప్పారు. వేడి ఎటు పోతుందో, ఇనుము ఎందుకు అలిసిపోయి విరుగుతుందో చెప్పారు. డ్రాయింగ్ హాల్లో నిలబడి నిలబడి కాళ్ళు పీకేవి. వర్క్‌షాపులో ఒక ఇనుప ముక్క చేతికిచ్చి, ఆకురాయితో దాని అంచు చదునుగా రుద్దమనేవారు. మాస్టారు దాని మీద మట్టం పెట్టి వెలుతురుకు అడ్డంగా ఎత్తి చూసేవాడు. సందులోంచి కాస్త వెలుగు కనబడినా ముక్క తిరిగి మన చేతికే వచ్చేది. లెక్కలు చాలావరకు మరిచిపోయాను గానీ, ఆ ముక్క దగ్గర నేర్చుకున్న ఓపిక చివరిదాకా పనికొచ్చింది.

కార్లూ రాకెట్లూ చేస్తామనుకుని ఈ చదువులో చేరతారు. చేసేవాళ్ళూ ఉన్నారు, కాదనను. డిజైన్‌లోకి పోతే రోజంతా స్క్రీను ముందే కూర్చోవాలి. మీరు గీసిన వస్తువును చేత్తో ముట్టుకునే రోజు రావచ్చు, రాకపోవచ్చు. ఫ్యాక్టరీలో ప్రొడక్షన్‌కు పోతే మిషన్లతో తక్కువ, మనుషులతో ఎక్కువ గొడవ. సర్కారు కొలువు దొరికిన మా క్లాసు వాడొకడు మాసబ్ ట్యాంక్ ఆఫీసులో కూర్చుని, పానా పట్టుకోవడం మరిచిపోయానని నాతోనే నవ్వుతూ చెప్పాడు. సాఫ్ట్‌వేర్‌కు పోయినవాళ్ళను చదువుకు ద్రోహం చేసినట్టు మాట్లాడే పెద్దలున్నారు. వాళ్ళ మాట పట్టించుకోకండి. జీతం బాగుంటుంది, పండగ పూట ఇంట్లో ఉంటారు. అది చిన్న విషయం కాదని నాకు ఆలస్యంగా తెలిసింది.

నాకు హోటల్లో ఉద్యోగం వచ్చిందని చెబితే మా రూమ్మేట్ సుధాకర్ పడీ పడీ నవ్వాడు. "హోటల్ల నువ్వేం జేస్తవ్‌రా? గ్రైండర్లు రిపేరు జేస్తవా?" అన్నాడు. నిజం చెప్పాలంటే గ్రైండర్లు కూడా చేశాను.

నేల కింద

పెద్ద హోటల్ అంటే మీకు పైన అద్దాలూ పూలకుండీలూ కనిపిస్తాయి. దాని ప్రాణమంతా నేల కింద ఉంటుంది. బాయిలర్, పంపులు, ఏసీ ప్లాంటు, జనరేటర్. పొద్దున ఐదో అంతస్తులో ఎవరో కుళాయి తిప్పగానే వేన్నీళ్ళు రావాలి. వస్తే ఎవరూ ఏమీ అనుకోరు. రాకపోతే హోటల్లో ఒక ఇంజనీరు ఉన్నాడన్న సంగతి అందరికీ గుర్తొస్తుంది. మా పనికి దొరికే మెప్పు అంతే.

నా మొదటి బాసు రామ్మోహనరావు గారు, కాకినాడ వైపు మనిషి. సన్నగా, చొక్కా ఎప్పుడూ నలగకుండా ఉండేవారు. మొదటి రోజు నేను మీటర్ల ముందు నిలబడి అంకెలు చూస్తుంటే వెనకనుంచి వచ్చారు.

"ఏంటయ్యా, మీటర్ని చూస్తున్నావా, మిషన్ని చూస్తున్నావా?"

"మీటర్ల అంతా నార్మలే ఉంది సార్."

"ఉంటుంది. రా, రౌండుకు వెళ్దాం."

ఆ రౌండులోనే ఆయన నాకు చేయి పెట్టడం నేర్పారు. మోటరు వేడి చూడాలంటే అరచెయ్యి పెట్టకూడదు, చేతి వెనక వైపు ఆనించాలి. పొరపాటున కరెంటు తగిలితే వేళ్ళు ముడుచుకుంటాయి. అరచెయ్యి అయితే మోటరును పట్టుకుని వదలదు, వెనక వైపైతే చెయ్యి దానంతటదే దూరంగా వస్తుంది. పుస్తకాల్లో ఇలాంటివి తక్కువ. ఆ రోజు మొదలు నా కుడి చేతి వెనక వైపే నా థర్మామీటరు.

అలవాటు ఇంటిదాకా వచ్చింది. మా ఆవిడ విమలకు జ్వరమొస్తే నుదుటి మీద అలాగే పెట్టేవాణ్ణి. "నేనేమన్న మోటర్‌నా?" అని నవ్వేది. ఆస్పత్రిలో చివరి రోజు కూడా అలవాటు కొద్దీ చేతి వెనక వైపే పెట్టాను. ఇప్పుడు నవ్వడం లేదేమని ఆమె ముఖంలోకి చూశాను. నాలుగేళ్ళయింది. మాకు పిల్లలు లేరు. ఆ రోజు అరచెయ్యి పెట్టి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ పని మిమ్మల్ని ఇంటినుంచి దూరం చేస్తుందని చెప్పడానికే ఇది రాశాను. ఊరంతా పండగలో ఉన్నప్పుడే హోటల్ నిండుతుంది. బల్కంపేట ఎల్లమ్మ బోనాలకు మా సందంతా డప్పులతో ఊగుతుంటే విమల ఒక్కతే బోనమెత్తుకుని పోయేది. చుట్టాల పెళ్ళిళ్ళకూ ఒక్కతే పోయేది. మీ ఆయన ఏడీ అంటే "నేల కింద ఉన్నడు" అని చెప్పేదట. అందరూ నవ్వేవారట. నాకూ అప్పుడు నవ్వే వచ్చింది.

బిర్యానీ వాసన

అన్నీ దిగులు కబుర్లే అనుకోకండి. ఒకసారి మా ఫంక్షన్ హాల్లో బిర్యానీ వాసన మొదలైంది. తినే హాలు కదా, మొదట ఎవరూ పట్టించుకోలేదు. కానీ కంపెనీ మీటింగులు జరిగేటప్పుడూ అదే వాసన. సూటు వేసుకున్నవాళ్ళకు పదకొండింటికే ఆకలి అవుతోందని ఫిర్యాదు వచ్చింది. వంటవాళ్ళను అనుమానించాం, వాళ్ళు మామీద పడ్డారు. జాలీలు కడిగించాం, గాలి గొట్టాలు దులిపించాం. వంటగదిలోంచి పొగ లాగే ఫ్యాను తిరుగుతూనే ఉంది, గాలీ లాగుతోంది.

చివరికి ఒకరోజు రామ్మోహనరావు గారు ఆ ఫ్యాను మూత మీద ఉన్న బాణం గుర్తు వైపు చూస్తూ నిలబడిపోయారు. ఫ్యాను ఉల్టా తిరుగుతోంది. అంతకుముందు కాలిన మోటరుకు కొత్త తీగ చుట్టించి తెచ్చినప్పుడు వైర్లు తారుమారు చేసి కలిపారు. ఆ రకం ఫ్యాను ఉల్టా తిరిగినా ఎంతో కొంత గాలి లాగుతుంది, మిగిలిన వాసన హాల్లోకి పోతుంది. తిరగకపోతే అదే రోజు పట్టుకునేవాళ్ళం. సగం పనిచేసే మిషను ఆగిపోయిన మిషను కన్నా చెడ్డదని ఆ వాసన మాకు నేర్పింది. ఇంజనీర్లందరూ చుట్టూ చేరి, తిరుగుతోందా లేదా అని చూశారే గానీ ఎటు తిరుగుతోందని చూడలేదు.

లిఫ్టు ఆపిన రోజు

ఇక అసలు సంగతి. ఒక పెద్ద కుటుంబం వాళ్ళ రిసెప్షన్. హాలు పై అంతస్తులో. జనం లిఫ్టు దగ్గర బారులు తీరి ఉన్నారు. రామ్మోహనరావు గారు ఆ లిఫ్టులో ఒకసారి పైకి వెళ్ళి, కిందికి వచ్చి, మళ్ళీ వెళ్ళి వచ్చారు. తర్వాత స్విచ్చు ఆపి తలుపుకు బోర్డు తగిలించారు.

"ఏమైంది సార్?" అన్నాను.

"ఆగేటప్పుడు ఏదో తేడాగా ఉంది. నాకు నచ్చలేదు."

పట్టుచీరల్లో ముసలమ్మలు మెట్లెక్కారు. మేనేజరు అందరిముందూ ఆయన్ని నానా మాటలూ అన్నాడు. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. మర్నాడు లిఫ్టు కంపెనీ వాళ్ళు వచ్చి అంతా విప్పి చూశారు. ఏమీ లేదన్నారు. తాళ్ళు బాగున్నాయి, బ్రేకు బాగుంది. ఏమీ లేదు.

ఆ సాయంత్రం ఆయన ఒక్కరే బేస్‌మెంట్‌లో టీ తాగుతున్నారు. ఎవరూ పక్కన కూర్చోలేదు. నేను వెళ్ళి కూర్చున్నాను.

"మళ్ళీ అట్లనే అనిపిస్తే ఏం జేస్తరు సార్?"

"మళ్ళీ ఆపుతాను. ఏంటి, ఒక తప్పు బోర్డు తగిలించానని భయపడిపోతాననుకున్నావా? ఆపే అధికారం కోసమే మనకి జీతం ఇస్తున్నారయ్యా. నడపడానికైతే స్విచ్చు చాలు."

ఆయన చెప్పింది నిజమై లిఫ్టులో లోపం దొరికి ఉంటే నేను ఆ కథను ఎప్పుడో మరిచిపోయేవాణ్ణి. ఏమీ దొరకలేదు కాబట్టే గుర్తుంది. ఆ తర్వాత నేనూ చాలాసార్లు ఆపాను. ఆపిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ కాసేపూ మనం ఒక్కరమే ఉంటాం. దీన్ని ఏ కాలేజీలోనూ చెప్పరు.

బస్టాపు దగ్గర

రిటైరయ్యాక పొద్దు పోయేది కాదు. ఇంట్లో ఫ్రిజ్ మీద చేయి పెట్టి చూసేవాణ్ణి. అపార్ట్‌మెంట్ నీళ్ళ మోటరు దగ్గర నిలబడితే వాచ్‌మన్ అనుమానంగా చూసేవాడు. సాయంత్రం కాగానే అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచి, హోటల్‌కు ఎదురుగా బస్టాపు పక్కన చాయ్ తాగేవాణ్ణి. లోపలికి మాత్రం పోయేవాణ్ణి కాదు. పాత ఉద్యోగి మాటిమాటికీ వస్తే కొత్తవాళ్ళకు ఇబ్బంది.

నేను అక్కడికి పోయేది ఒక చప్పుడు కోసం. ఏసీ ప్లాంటు వేడిని బయటకు వదలడానికి డాబా మీద కూలింగ్ టవర్ ఉంటుంది. నీళ్ళు కారే పెద్ద పెట్టె, దాని నెత్తిన మనిషి పొడుగు రెక్కల ఫ్యాను. మా ఫ్యాను గేర్‌బాక్సుకు ఒక సన్నటి ఈల లాంటి చప్పుడుండేది. ట్రాఫిక్‌లో కూడా ఆ ఈల నాకు వినిపించేది. అది వింటూ చాయ్ తాగితే, పైన అంతా సరిగ్గా ఉన్నట్టు, నేనింకా ఆ మనుషుల్లో ఒకణ్ణే అయినట్టు ఉండేది. ఆ చప్పుడు నాకు తోడు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, ఆ ఏడాది నాతో రోజూ మాట్లాడింది అదొక్కటే.

మొన్న ఎండాకాలంలో ఆ ఈలకు కింద ఇంకో చప్పుడు మొదలైంది. తిరిగే ప్రతి చుట్టుకూ ఒక దెబ్బ. రెక్క వదులైతే అలా వస్తుంది, పట్టించుకోకపోతే ఊడి ఎగిరి పడుతుంది. రెండు రోజులు విన్నాను. మూడో రోజు ఆగలేక మధ్యాహ్నమే హోటల్లోకి పోయాను. నా తర్వాత వచ్చిన ఇంజనీరు శ్రీనివాస్, మంచి పిల్లవాడు, కుర్చీ వేసి చాయ్ తెప్పించాడు. నేను చెప్పిందంతా విన్నాడు.

"సార్, మన పాత టవర్ తీసేసినం. మీరు పోయిన కొన్నాళ్ళకే. ఇప్పుడున్నది వేరే రకం, అస్సలు చప్పుడే రాదు. మీరు వింటున్నది మనది గాదు, పక్క బిల్డింగుది."

నేను చాయ్ తాగాను. బాగుందన్నాను. ఏడాదిగా నేను ఎవరిదో మిషన్ను నాదనుకుని విన్నాను. బయటకొచ్చి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. ఇంటికి పోదామనుకున్నాను. కానీ ఎవరిదైతేనేం, ఆ దెబ్బ మాత్రం నిజమే కదా అనిపించింది.

పక్క బిల్డింగు

పక్కది ఆఫీసుల బిల్డింగు. గేటు దగ్గర సెక్యూరిటీతో మీ ఇంజనీరును పిలవమన్నాను. కాసేపటికి ఒక అమ్మాయి వచ్చింది. చొక్కా జేబులో టెస్టర్, చేతికి గ్రీజు. అదే అనూష. నేనెవరో చెప్పి, టవర్ ఫ్యాను సంగతి ఎత్తగానే ఆమె ముఖం మారింది.

"నేను సుత విన్న సార్. మేనేజర్ సార్‌కు చెప్పిన. ఎండలు తగ్గినంక చూద్దామన్నడు. పైకి రాండ్రి, చూపిస్త."

డాబా మీదికి తీసుకెళ్ళింది. రెండు టవర్లు ఉన్నాయి, ఒకటి కొట్టుకుంటోంది. ఆమె దాని ఇనుప కాలికి చేతి వెనక వైపు ఆనించింది. ఎవరు నేర్పారని అడిగాను. కాలేజీ వర్క్‌షాపులో పనిచేసే ఒక అన్న నేర్పాడంది. చాలా కాలం తర్వాత నాకు సంతోషమైంది.

టవర్ నీడలో నలుగురు ఆడవాళ్ళు టిఫిన్ డబ్బాలు కడుక్కుంటున్నారు. ఆ బిల్డింగు ఊడ్చేవాళ్ళు. డాబా మీద నీడ అక్కడొక్కచోటే ఉంది. పక్కకు కూర్చోండని చెబితే ఒక రోజు వింటారట, మర్నాడు మళ్ళీ అక్కడికే.

అనూష సిద్దిపేట వైపు పిల్ల. అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటుంది. రూములో మిగతా వాళ్ళందరూ సాఫ్ట్‌వేర్ కోర్సులు. రోజంతా ఏం చేశావంటే చెప్పినా వాళ్ళకు అర్థం కాదట, అందుకని చెప్పడం మానేసిందట. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

"ఇది ఆపితే సగం ఏసీ పోతది. పై ఆఫీసులోళ్ళు లొల్లి జేస్తరు. మేనేజర్ సార్ నన్ను తీసేస్తడు. ఇంట్ల ఇప్పటికే సాఫ్ట్‌వేర్ కోర్సుల చేరమని ఒకటే పోరు. నా ప్లేసుల మీరుంటే మిషిన్ ఆపుతరా సార్?"

మీ మేనేజరుతో నేను మాట్లాడతానన్నాను.

"వద్దు సార్. బయటోళ్ళను తోలుకొచ్చినవంటడు."

అది నిజమే. నేను బయటివాణ్ణి. ఆమెకు రామ్మోహనరావు గారి లిఫ్టు కథ చెప్పాను. చివర్లో ఏమీ దొరకలేదన్నది దాచకుండా చెప్పాను.

"నేనైతే ఆపుతుంటి బిడ్డా," అన్నాను చివరికి. "కాని నా ఎనక రామ్మోహనరావు గారుండె. నీ ఎనక ఎవరున్నరో నాకు తెల్వది."

"ఎవ్వరు లేరు సార్," అంది.

నా ఫోన్ నంబరు ఇచ్చి మెట్లు దిగాను.

చప్పుడు

మర్నాడు సాయంత్రం బస్టాపు దగ్గరకు పోవడానికి భయమేసింది. ఆ దెబ్బ ఇంకా వినబడితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. చాయ్ తీసుకుని చెవి పైకి పెట్టాను. బస్సులు, ఆటోలు, నెత్తిమీద మెట్రో. అవి పోయాక పైన ఏ చప్పుడూ లేదు. ఈలా లేదు, దెబ్బా లేదు. అనూష ఆపేసింది.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసింది. పై ఆఫీసుల వాళ్ళు చెమటలు కక్కుతూ కిందికి దిగారట. మేనేజరు అందరి ముందూ తిట్టాడట. మనుషుల్ని పిలిపించి విప్పితే, ఒక రెక్కను పట్టి ఉంచే బోల్టులు వదులయ్యాయి, గేర్‌బాక్సులో బేరింగ్ అరిగింది. అది చూసి కూడా మేనేజరు అన్న మాట ఇదట: "గింతేనా? గీ నాలుగు బోల్టులు బిగిస్తే అయ్యేదానికి బిల్డింగంత ఉడకవెట్టినవ్."

"నీ ఉద్యోగం సంగతేంది?" అన్నాను.

"ఇంకా ఏం చెప్తలేడు సార్. చూస్తనన్నడు."

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోండి. మీరు ఆపిన ప్రమాదం జరగదు. జరగనిదాన్ని మీరు ఎవరికీ చూపించలేరు. తిట్లు మాత్రం అందరికీ వినిపిస్తాయి. ఇది భరించగలమనుకుంటేనే రండి, లేకపోతే మా సందులో బోర్డులు చాలా ఉన్నాయి, వాటికింద చేరడంలో తప్పేమీ లేదు.

వారం పోయాక ఒక సాయంత్రం మళ్ళీ ఫోన్. కొత్త బేరింగ్ వేశారు, రెక్కలన్నీ సరిచేశారు.

"సార్, మీరు బస్టాపు కాడ్నే ఉన్నరా? ఇప్పుడు ఆన్ జేస్తున్న. జర కింద నుంచి వినుండ్రి."

రిటైరయ్యాక నన్ను ఎవరైనా పని అడగడం అదే మొదటిసారి. చాయ్ కప్పు పక్కన పెట్టి, ఫోను ఒక చెవికి ఆనించుకుని, రెండో చెవి డాబా వైపు తిప్పి నిలబడ్డాను. మెట్రో పోయింది. సిగ్నల్ పడి బస్సులు ఆగాయి. ఫోనులో గాలి హోరు వినిపిస్తోంది, అంటే ఫ్యాను తిరుగుతోంది.

"వినవడ్తుందా సార్?"

బాగున్న ఫ్యాను రోడ్డు మీదికి వినబడదు. ఏడాది పాటు నాకు తోడనుకున్న ఆ ఈల అరిగిపోయిన బేరింగ్‌ది.

"లేదు బిడ్డా. ఏం వినవడ్తలేదు."

"అంటే మంచిగున్నట్టేనా?"

"మంచిగున్నట్టే."

రౌండుకు పోవాలని ఫోన్ పెట్టేసింది. ఇక అక్కడ వినడానికి ఏమీ లేదు. చాయ్ చల్లారిపోయింది, తాగేసి ఇంటివైపు నడిచాను.